మిలీనియం సిరీస్ నాలుగో నవల మీద ఇన్ని భిన్నాభిప్రాయాలెందుకు? మొదటి మూడూ చదివినవాళ్లు ముందుకు వెళ్లాలా?

అడిగింది ఇది: స్టీగ్ లార్సన్ రాసిన మిలీనియం నవలలు మూడూ ఇంగ్లీషులో చదవడం అయిపోయింది. నాలుగోది డేవిడ్ లాగర్‌క్రాన్ట్స్ రాసిన 'ది గర్ల్ ఇన్ ది స్పైడర్స్ వెబ్'. పాతవాటికన్నా చురుగ్గా సాగిందని కొందరంటున్నారు, కథానాయిక లిస్బెత్‌ను పాడుచేశాడని ఇంకొందరంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, చదివితే ఎంతవరకు చదవాలి?

మీరు మూడూ చదివేశారు కాబట్టి వాటిలో సంగతులు దాచకుండా మాట్లాడతాను. నాలుగు నుంచి అవతలికి మాత్రం కథ మొదట్లో తెలిసిపోయే విషయాలే చెబుతాను, ముగింపుల జోలికి పోను.

ముందు తారీఖులు చూద్దాం. అభిప్రాయాల్లో సగం గొడవ వీటి దగ్గరే ఉంది. లార్సన్ 2004 నవంబర్ 9న, 50 ఏళ్లకే, స్టాక్‌హోమ్‌లో గుండెపోటుతో పోయాడు. అప్పటికి మూడు నవలల రాతప్రతులూ నోర్‌స్టెట్స్ అనే ప్రచురణ సంస్థకు చేరాయి గానీ ఒక్కటీ అచ్చు కాలేదు. 2005, 2006, 2007లో ఏడాదికొకటిగా స్వీడన్‌లో వచ్చాయి. చెల్లుబాటయ్యే వీలునామా లేదు. ఆయనతో 30 ఏళ్లకు పైగా కలిసి బతికిన ఎవా గాబ్రియెల్సన్‌కు చట్టప్రకారం ఏమీ రాలేదు, ఎందుకంటే పెళ్లి చేసుకోకుండా కలిసి ఉన్నవాళ్లకు స్వీడన్‌లో వారసత్వ హక్కు లేదు. రచనల హక్కులు తండ్రికీ తమ్ముడికీ వెళ్లాయి. 2013 చివర్లో నోర్‌స్టెట్స్ సంస్థ కొత్త రచయితగా లాగర్‌క్రాన్ట్స్ పేరు ప్రకటించింది. నాలుగో నవల 2015 ఆగస్టు 27న చాలా దేశాల్లో ఒకే రోజు విడుదలైంది. గాబ్రియెల్సన్ ఆ ప్రయత్నాన్ని మొదటినుంచీ బహిరంగంగా వ్యతిరేకించింది.

అందుకే ఒక్క నక్షత్రం ఇచ్చిన సమీక్షల్లో కొన్ని పుస్తకం గురించినవి కావు, హక్కుల గురించినవి. చనిపోయినవాడి పాత్రల్ని ఇంకొకరి చేతిలో పెట్టడం తప్పని నమ్మేవాళ్లు రాసినవి. ఆ వైఖరిని నేను గౌరవిస్తాను. గాబ్రియెల్సన్‌కు జరిగింది అన్యాయమనే నా అభిప్రాయం కూడా. ఆ కారణంగా కొనను అనుకుంటే అది పూర్తిగా సబబైన నిర్ణయం, పుస్తకం బాగుందా లేదా అన్న చర్చే అక్కర్లేదు. అయితే కథ ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆ సమీక్షలు పనికిరావు. వాటిని వేరుగా పెట్టి మిగతావి చదవండి.

ఇక్కడే ఇంకో అపోహ కూడా తీర్చాలి. లార్సన్ లాప్‌టాప్‌లో సగం రాసిన నాలుగో నవల ఉందని, దాన్నే లాగర్‌క్రాన్ట్స్ పూర్తిచేశాడని చాలామంది రాస్తుంటారు. అసంపూర్తి రాతప్రతి ఒకటి ఉన్న మాట నిజం. సుమారు 200 పేజీలని గాబ్రియెల్సన్ చెప్పింది. కానీ 2015లో వచ్చిన నవలకు దానితో సంబంధం లేదు. కథ, సన్నివేశాలు, కొత్త పాత్రలు అన్నీ లాగర్‌క్రాన్ట్స్ సొంతం. కాబట్టి 'లార్సన్ అనుకున్నది ఇదేనా' అని వెతుక్కుంటూ చదివితే నిరాశ తప్పదు.

ఇక అసలు విషయం. మొదటి మూడింటిని మూడు నవలలుగా చూస్తున్నంతకాలం నాలుగోదాని మీద పేచీ అర్థం కాదు. మొదటిది చాలావరకు విడి కథ: హేడెస్టాడ్ దగ్గరి ద్వీపం, 1966లో మాయమైన హారియెట్, వాంగర్ కుటుంబం. రెండు, మూడు మాత్రం నిజానికి ఒకటే పెద్ద నవల. రెండోది ముగిసిన చోటే మూడోది ఆసుపత్రిలో మొదలవుతుంది. ఆ పెద్ద నవలను నడిపేది ఒకే ప్రశ్న: పన్నెండేళ్ల లిస్బెత్‌ను పిచ్చాసుపత్రిలో కట్టిపడేసింది ఎవరు, ఎందుకు, దానికి జవాబుదారీ ఎవరు? ఆమె తండ్రి జలచెంకో, మానసిక వైద్యుడు టెలిబోరియన్, భద్రతా పోలీసుల్లోని రహస్య విభాగం, గార్డియన్ బ్యుర్మన్, అందరూ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవాళ్లే. మూడో పుస్తకం చివర కోర్టులో లాయరు అన్నికా జన్నీని ఆ లెక్క మొత్తం విప్పి చూపిస్తుంది. లిస్బెత్‌కు పూర్తి పౌర హక్కులు తిరిగివస్తాయి. తర్వాత ఆమె సవతి అన్న నీడర్‌మన్ సంగతి తేలుతుంది, ఆఖరికి ఆమె విలేకరి బ్లూమ్‌క్విస్ట్‌కు తలుపు తీస్తుంది.

అంటే కథను నడిపించే ప్రశ్నకు జవాబు దొరికిపోయింది. మిగిలిపోయిన దారం దాదాపు ఒక్కటే: రెండో పుస్తకంలో పాత గార్డియన్ పాల్మ్‌గ్రెన్ నోట వినిపించే కవల చెల్లెలు కమిల్లా. ఆమె ఎక్కడుందో, ఏమైందో లార్సన్ చెప్పలేదు. లాగర్‌క్రాన్ట్స్ పట్టుకున్నది ఆ దారాన్నే. తెలివైన ఎంపికే అది, ఎందుకంటే లార్సన్ స్వయంగా వదిలిన ఖాళీ అది ఒక్కటే. కానీ దానివల్ల నవల స్వభావం మారిపోయింది. లార్సన్ దగ్గర లిస్బెత్ శత్రువు రాజ్యం, దాన్ని నడిపే మగవాళ్లు. లాగర్‌క్రాన్ట్స్ దగ్గర ఆమె శత్రువు తోబుట్టువు. మొదటి నవలలో ప్రతి భాగం ముందూ స్వీడన్‌లో ఆడవాళ్లపై హింస గురించిన లెక్క ఒకటి ఉంటుంది, గుర్తుందా? 18 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు మగవాడి బెదిరింపుకు గురైనవాళ్లేనన్నది అందులో మొదటిది. ఆ లెక్కలు అలంకారం కోసం పెట్టినవి కావు, ఆ నవల ఎందుకు రాశాడో చెప్పే ప్రకటన అది. 'ఏదో పోయింది, ఏమిటో చెప్పలేకపోతున్నాను' అనే పాఠకులు నిజానికి చెబుతున్నది దీని గురించేనని నా నమ్మకం.

లార్సన్ 1995లో మొదలైన ఎక్స్‌పో పత్రిక మనిషి. కరడుగట్టిన కుడిపక్ష ముఠాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినవాడు. అందుకే ఆయన కుట్రకు తారీఖులుంటాయి. సోవియట్ గూఢచారి జలచెంకో స్వీడన్‌లో దిగింది 1976 ఎన్నికల రోజు. ఆ ఎన్నికలతో ప్రధాని అయిన ఫెల్డిన్ నిజం మనిషి, నవల్లో కనిపిస్తాడు కూడా. రెండో పుస్తకంలో బాక్సర్ పావొలో రాబర్టో తన సొంత పేరుతోనే వచ్చి పోట్లాడతాడు. ఇలాంటి మేకులతో కథను నేలకు దిగ్గొట్టడం ఆయన పద్ధతి. నాలుగో నవల్లో ఆ నేల స్వీడన్ నుంచి జరిగి అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకూ, సిలికాన్ వ్యాలీ కంపెనీకీ, రష్యన్ నేరముఠాకూ వెళ్లింది. 2013లో స్నోడెన్ బయటపెట్టిన ఎన్‌ఎస్‌ఏ రహస్య పత్రాల తర్వాత రెండేళ్లకు వచ్చిన నవల కాబట్టి ఆ విషయం అప్పటికి వేడిగానే ఉంది. అయితే ప్రపంచమంతా పరుచుకున్న కుట్రలు రాసే రచయితలు చాలామంది ఉన్నారు. స్వీడన్ ప్రభుత్వ కార్యాలయంలో ముగ్గురు ముసలివాళ్లు కాఫీ తాగుతూ ఒక పిల్ల జీవితాన్ని నాశనం చేయడం రాసినవాడు ఒక్కడే.

మొదటి పెద్ద ఫిర్యాదు 'లిస్బెత్ సూపర్ హీరో అయిపోయింది' అన్నది. ఇది ఎక్కడ మొదలైందో కచ్చితంగా చూపించవచ్చు. మూడో పుస్తకంలో సాల్‌గ్రెన్‌స్కా ఆసుపత్రి గది గుర్తుచేసుకోండి. తలలో తూటా దిగిన మనిషి, తలుపు బయట కాపలా, ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. ఆమె దగ్గరికి చేరింది ఒక పామ్ టంగ్‌స్టన్ టీ3 చేతి కంప్యూటర్. దానికి నెట్ రావాలంటే దగ్గర్లో బ్లూటూత్ ఉన్న మొబైల్ ఉండాలి. ఆ మొబైల్‌ను గాలి గొట్టం జాలీ వెనక దాచాలి. బ్యాటరీ అయిపోతుంది కాబట్టి ఛార్జి చేసిన ఫోన్‌ను మళ్లీ మళ్లీ తెచ్చి మార్చాలి. ఆ పనికి ఆసుపత్రి శుభ్రం చేసే మనిషి ఒకరు కావాలి, అతన్ని ఒప్పించాలి. లార్సన్ ఇదంతా ఒక్కొక్క మెట్టూ రాశాడు. అడ్డంకి ఎంతదో పాఠకుడికి తెలుసు కాబట్టే ఆమె గెలిచినప్పుడు ఆ గెలుపుకు బరువుంటుంది.

నాలుగో నవల్లో ఆమె ఎన్‌ఎస్‌ఏ అంతర్గత నెట్‌వర్క్‌లోకే చొరబడుతుంది. పని వంద రెట్లు పెద్దది, కానీ అందులో కష్టం పేజీ మీద అంతగా కనబడదు. మనకు దక్కేది ఎక్కువగా అవతలివాళ్ల నిర్ఘాంతపోయిన ముఖాలు. థ్రిల్లర్‌లో సామర్థ్యం పెంచిన కొద్దీ అడ్డంకి కూడా పెంచకపోతే ఉత్కంఠ పడిపోతుంది. శైలి అచ్చం లార్సన్‌లాగే ఉన్నా ఈ లోటు ఉండేదే.

రెండో ఫిర్యాదు 'అన్నీ విప్పి చెప్పేశాడు' అన్నది. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి విమర్శ ఇదే. లార్సన్ లిస్బెత్ గురించి చాలా వివరాలిచ్చి, కొన్నిటిని కావాలనే చీకట్లో ఉంచాడు. ఆమెకు ఆస్పర్జర్స్ (ఆటిజం కోవకు చెందిన స్థితి) ఉందేమోనని మొదటి పుస్తకంలో బ్లూమ్‌క్విస్ట్ అనుకుంటాడు. రచయిత మాత్రం అవుననడు, కాదనడు. ఆమె హ్యాకర్ పేరు వాస్ప్, మెడ మీద కందిరీగ పచ్చబొట్టు, అంతే. వీపు మీద డ్రాగన్ ఎందుకో చెప్పడు. లాగర్‌క్రాన్ట్స్ ఈ గదులన్నిటిలో దీపాలు పెట్టాడు. వాస్ప్ అన్నది మార్వెల్ కామిక్ పుస్తకాల నుంచి వచ్చిందని నాలుగో నవల చెబుతుంది. డ్రాగన్ పచ్చబొట్టుకు ఐదో నవల మూలం చూపిస్తుంది: స్టాక్‌హోమ్ పాత నగరంలో స్టూర్‌షుర్కన్ చర్చిలో, సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను పొడుస్తున్న 15వ శతాబ్దపు చెక్క శిల్పం. ఆ శిల్పం నిజంగానే ఉంది, గొప్ప పని అది. దాన్ని వాడుకున్న తీరు కూడా ఆలోచనతో కూడినదే, అందులో డ్రాగన్ వైపు నిలబడిన పిల్లగా లిస్బెత్ అర్థమవుతుంది. కొంతమందికి ఆ ఘట్టం చాలా నచ్చింది. కానీ పాత్ర బలం తెలియనితనంలో ఉన్నప్పుడు ఇచ్చిన ప్రతి జవాబూ ఆ బలంలో కొంత తీసేస్తుంది.

మార్వెల్ సంగతి స్వీడన్ పాఠకులను ఇంకోవిధంగా కూడా నొప్పించిందనుకోవచ్చు. లిస్బెత్‌కు మూలం ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పిల్లల పుస్తకాల్లోని పిప్పి. పెద్దయ్యాక పిప్పి ఎలా ఉంటుందన్న ఊహ నుంచి ఈ పాత్ర పుట్టిందని లార్సనే చెప్పాడు. రెండో పుస్తకంలో ఆమె కొత్త ఫ్లాట్ తలుపు మీద ఉండే 'వి. కుల్లా' అన్న పేరు పిప్పి ఇంటి పేరే. బ్లూమ్‌క్విస్ట్‌ను పత్రికలవాళ్లు 'కల్లే' అని వెక్కిరించేది కూడా లిండ్‌గ్రెన్ బాల డిటెక్టివ్ పేరుతోనే. మనలాంటి బయటి పాఠకులకు ఇది అంతగా పట్టదు. అక్కడివాళ్లకు అది చిన్నప్పటి సంగతి. దాని పక్కన అమెరికన్ కామిక్ తెచ్చి పెడితే పరాయిగా అనిపించడం సహజం.

మూడో ఫిర్యాదు 'లిస్బెత్ తక్కువగా కనిపిస్తుంది'. ఇందులో మాత్రం పాఠకుల జ్ఞాపకం కొంత మోసం చేస్తోంది. మొదటి నవల్లో ఆమె, బ్లూమ్‌క్విస్ట్ కలుసుకునేదే దాదాపు సగం పుస్తకం గడిచాక. రెండోదాంట్లో ఎన్‌షెడే జంట హత్యల తర్వాత ఆమె చాలా పేజీలపాటు తెర మీదికే రాదు. మూడోదాంట్లో ఎక్కువ భాగం మంచం మీదే ఉంటుంది. అంటే లార్సన్ దగ్గర కూడా ఆమె తరచూ కనబడదు. తేడా ఎక్కడంటే, అక్కడ ఆమె లేనప్పుడు ప్రతి పాత్రా ఆమె గురించే మాట్లాడుతుంది: పోలీసులు, పత్రికలు, పాత గార్డియన్, యజమాని ఆర్మాన్‌స్కీ, ఒక్కొక్కరూ ఒక్కో లిస్బెత్‌ను వర్ణిస్తారు, అందులో సగం అబద్ధాలు. లేకపోవడమే ఆమెను పెంచుతుంది. నాలుగోదాంట్లో ఆమె లేని పేజీలు ఫ్రాన్స్ బాల్డర్ అనే కృత్రిమ మేధ శాస్త్రవేత్తకూ, అతని కొడుకు ఆగస్ట్‌కూ, ఎన్‌ఎస్‌ఏ భద్రతాధికారి ఎడ్ నీడమ్‌కూ వెళ్తాయి. వాళ్లు సొంత కథలున్నవాళ్లు. ఐదోదాంట్లో ఈ సమస్య ఇంకా ముదిరింది. ఫ్లూడ్‌బెర్యా జైల్లో ఉన్న లిస్బెత్‌తో గొప్పగా మొదలై, తర్వాత కవలల మీద జరిగిన ప్రయోగాల కథ వైపు జారిపోతుంది.

ఆగస్ట్ పాత్ర మీద వచ్చిన విమర్శ వేరే రకం. మాట్లాడని ఎనిమిదేళ్ల ఆటిజం పిల్లవాడు, చూసినదాన్ని ఫోటోలా గీస్తాడు, పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొడతాడు. ఆటిజం పిల్లలున్న కుటుంబాలవాళ్లకు ఇది చిరాకు తెప్పిస్తుంది, అది న్యాయమే. అలాంటి అద్భుత శక్తి చాలా అరుదు, సినిమాల్లోనూ నవలల్లోనూ మాత్రం అదే కనిపిస్తుంది. ఈ పాత్ర ఎందుకు వచ్చిందో లాగర్‌క్రాన్ట్స్ మిగతా పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. ఆయన 2009లో గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ మరణం చుట్టూ ఒక నవల రాశాడు. 2011లో ఫుట్‌బాల్ ఆటగాడు జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ ఆత్మకథకు సహరచయిత. తన తెలివి వల్లో స్వభావం వల్లో లోకంతో ఇమడలేనివాళ్లంటే ఆయనకు ఆసక్తి. లిస్బెత్‌లో ఆయన చూసింది కూడా అదే, గణితం తెలిసిన ఒంటరి మేధావిని. లార్సన్ చూసింది అన్యాయానికి గురై ఎదురుతిరిగిన మనిషిని. ఈ రెండు చూపులూ ఒకే పాత్ర మీద పడ్డప్పుడు ఆ మనిషి కొంత మారినట్టు కనిపించక మానదు.

ఇప్పుడు నచ్చినవాళ్ల పక్షం. వాళ్లకు రుచి లేదనడం పొరపాటు. లార్సన్ వచనంలో సడలింపు చాలా ఉంది. మొదటి నవల్లో వెన్నర్‌స్ట్రోమ్ ఆర్థిక వ్యవహారం దాటడానికి ఎంతమంది పుస్తకం పక్కన పెట్టేశారో మీకు తెలిసే ఉంటుంది. లిస్బెత్ కొనాలనుకున్న పవర్‌బుక్ కంప్యూటర్ ప్రాసెసర్ నుంచి 60 గిగాబైట్ల హార్డ్ డిస్క్ దాకా వివరాలు, రెండోదాంట్లో ఐకియాలో కొన్న సోఫాలు, కుర్చీల జాబితా, ప్రతి పది పేజీలకూ కాఫీ, బిల్లీస్ పాన్ పిజ్జా. నాకు ఆ జాబితాలంటే ఇష్టం, ఆ కొత్త ఇంట్లో ఆమె ఒంటరితనం వాటిలోనే ఉంది. కానీ ఎవరికైనా విసుగు పుడితే తప్పు పట్టను. లాగర్‌క్రాన్ట్స్ అదంతా కోసేశాడు. ఎక్స్‌ప్రెస్సెన్ పత్రికలో నేరవార్తలు రాసిన మనిషి కాబట్టి దృశ్యం ఎప్పుడు మార్చాలో తెలుసు. తుఫాను రాత్రి బాల్డర్ ఇంటి చుట్టూ నడిపిన ఘట్టం, ఒకే సమయాన్ని నలుగురి వైపునుంచి ముక్కలుగా చూపించడం, ఆ పట్టు లార్సన్ దగ్గర కూడా అరుదు. బ్లూమ్‌క్విస్ట్ పనిచేసే మిలీనియం పత్రిక డబ్బులకు ఇబ్బంది పడి వాటా ఒక పెద్ద మీడియా సంస్థకు అమ్ముకోవాల్సి రావడం, బ్లూమ్‌క్విస్ట్‌ను కాలం చెల్లినవాడని జనం అనడం, ఇవి 2015 నాటి పత్రికారంగం పరిస్థితిని నిజాయితీగా పట్టుకున్నాయి. ఆ భాగాలు చదివితే ఆయనకు ఆ పాత్రంటే గౌరవం ఉందని తెలుస్తుంది.

ఇంగ్లీషులో చదివేవాళ్లు ఇంకోటి గమనించాలి. మొదటి మూడింటి అనువాదకుడు స్టీవెన్ టి. మర్రీ. ప్రచురణకర్తలు చేసిన మార్పులు నచ్చక తన పేరు తీసేసి రెగ్ కీలాండ్ అని పెట్టుకున్నాడు. నాలుగు నుంచి ఆరు వరకు అనువదించింది జార్జ్ గౌల్డింగ్. కాబట్టి 'వాక్యం మారిపోయింది' అని ఇంగ్లీషు పాఠకుడు అన్నప్పుడు అందులో రచయిత వాటా ఎంత, అనువాదకుడి వాటా ఎంత అన్నది తేల్చలేం. శైలి మీద పొగడ్తనైనా తిట్టునైనా సగానికి తగ్గించి తీసుకోండి. కథ కట్టుబడి మీద, పాత్రల మీద వచ్చిన మాటలకే పూర్తి విలువ ఇవ్వండి.

రచయిత మారినందుకే ఈ గొడవ అనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. థామస్ హారిస్ 1988 నాటి 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' తర్వాత పదకొండేళ్లకు, 1999లో, 'హానిబల్' తానే రాశాడు. దాని ముగింపు మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. 2001 సినిమాలో ఆ ముగింపును మార్చేశారు. మరోవైపు 2014లో సోఫీ హన్నా అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పొయిరో పాత్రతో కొత్త నవల రాస్తే పెదవి విరిచినవాళ్లు ఉన్నారు గానీ ఇంత తీవ్రత లేదు. కారణం సులువు. పొయిరో ప్రతి కేసుకూ మళ్లీ మొదటినుంచి మొదలవుతాడు, అతనికి మానవలసిన గాయం లేదు. మన కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, రాజు కూడా అంతే, ఏ నవల ముందు తీసినా ఇబ్బంది ఉండదు. అలాంటి సిరీస్‌కు ఇంకో కేసు చేర్చవచ్చు. హారిస్ నవలల క్లారిస్ స్టార్లింగ్, మన లిస్బెత్ లాంటివాళ్ల దగ్గర కథానాయిక గాయమే సిరీస్. దానికి ఇంకో పుస్తకం చేర్చడమంటే మానిన గాయాన్ని తిరిగి కెలకాలి, లేదా కొత్తది చేయాలి. రెండిట్లో ఏది చేసినా కొంతమంది పాఠకులు ఒప్పుకోరు, అసలు రచయిత చేసినా సరే.

మీ సంగతికి వద్దాం. మూడింటిలో మీకు ఏది ఎక్కువ నచ్చిందో ముందు తేల్చుకోండి, నా అంచనా దాని మీదే ఆధారపడుతుంది. మొదటిది, అంటే ద్వీపం, పాత ఫోటోలు, కుటుంబ రహస్యం నచ్చినవాళ్లకు నాలుగోది మధ్యస్తంగా ఉంటుంది. అందులో పరిశోధన ఉంది గానీ ఆ మూసిన గది బిగువు లేదు. రెండోది, దాని పరుగు నచ్చినవాళ్లకు నాలుగోది దాదాపు ఖాయంగా నచ్చుతుంది. మూడోది, అంటే కోర్టు, పత్రిక కార్యాలయం, రహస్య విభాగం మీద ఓపికగా బిగించిన ఉచ్చు నచ్చినవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. సమీక్షలు చదివేటప్పుడు కూడా రాసినవాళ్లకు ఈ మూడింటిలో ఏది ఇష్టమో వెతకండి. మీ ఇష్టంతో కలిసే మనిషి మాట పదిమంది నక్షత్రాల సగటు కన్నా ఎక్కువ పనికొస్తుంది. రెండు, మూడు నక్షత్రాలిచ్చి కారణం రాసినవి ముందు చదవండి.

చదవాలనుకుంటే ఎన్ని చదవాలో ముందే నిర్ణయించుకోండి. నాలుగు, ఐదు, ఆరు కమిల్లా కథగా ఒక జట్టు. నాలుగోదాంట్లో కేసు తేలుతుంది గానీ అక్కచెల్లెళ్ల లెక్క తేలదు. ఐదోది ఆ లెక్కను పెద్దగా ముందుకు జరపదు. అది తేలేది 2019లో వచ్చిన ఆరోది, 'ది గర్ల్ హూ లివ్డ్ ట్వైస్'లోనే. అందుకని నాలుగోది ఒక్కటి చదివి ఆగడం అన్నిటికన్నా అసంతృప్తి మిగిల్చే పద్ధతి. మూడో పుస్తకం దగ్గరే ఆగితే చక్కటి ముగింపు మీ దగ్గర ఉంది, ఏమీ కోల్పోరు. ముందుకు వెళ్తే ఆరు దాకా వెళ్లండి. ఓపిక తక్కువైతే ఐదోదాంట్లో జైలు భాగం మాత్రం చదివి, మిగతాది వేగంగా తిప్పి ఆరుకు వెళ్లవచ్చు. కానీ ఒక పాత పాత్రకు సంబంధించిన ముఖ్యమైన సంఘటన ఐదులోనే ఉంది కాబట్టి పూర్తిగా వదిలేయకండి.

మొదలుపెట్టే ముందు రెండో పుస్తకంలో పాల్మ్‌గ్రెన్ లిస్బెత్ తల్లి, చెల్లెలు గురించి చెప్పే ఘట్టం, మూడోదాంట్లో ఆమె హ్యాకర్ మిత్రుడు ప్లేగ్, వాళ్ల హ్యాకర్ల బృందం హ్యాకర్ రిపబ్లిక్ వచ్చే పేజీలు మళ్లీ చూసుకోండి. మిగతాది గుర్తులేకపోయినా నాలుగోది నడుస్తుంది. మొదట్లో చాలా కొత్త పేర్లు ఒక్కసారిగా మీద పడతాయి. బాల్డర్ ఇంటి ఘట్టం పూర్తయ్యి, ఆగస్ట్‌ను లిస్బెత్ తన రక్షణలోకి తీసుకునేదాకా ఆగండి. అప్పటికీ పట్టు దొరక్కపోతే నిస్సంకోచంగా మూసేయండి, తర్వాతి భాగం మీ అభిప్రాయం మార్చదు. క్లేర్ ఫాయ్ నటించిన 2018 సినిమా చూసి పుస్తకం ఇలాగే ఉంటుందనుకోకండి. బాల్డర్, లిస్బెత్‌ల మధ్య లావాదేవీ నుంచే సినిమా వేరే దారి పట్టింది.

ఇక ఏడోది. 2021లో హక్కులు పొలారిస్ అనే సంస్థకు వెళ్లాయి, రచయిత్రిగా కారిన్ స్మిర్నోఫ్ వచ్చింది. 2022లో స్వీడిష్‌లోనూ, మరుసటి ఏడాది 'ది గర్ల్ ఇన్ ది ఈగల్స్ టాలన్స్' పేరుతో ఇంగ్లీషులోనూ వచ్చింది. కథ స్టాక్‌హోమ్ వదిలి ఉత్తరాన గాస్కాస్ అనే కల్పిత పట్టణానికి వెళ్తుంది. బ్లూమ్‌క్విస్ట్ కూతురు పెర్నిల్లా, మొదటి నవల్లో బైబిల్ సంఖ్యల చిక్కు విప్పడానికి దారి చూపిన అమ్మాయి, పెళ్లికూతురుగా తిరిగివస్తుంది. నీడర్‌మన్ కూతురు స్వాలా అనే పదమూడేళ్ల పిల్ల కొత్తగా వస్తుంది. దీని మీద కూడా రెండు మాటలున్నాయి. పొడి పొడి వాక్యాలు, కొన్నిచోట్ల అతి హింస చాలామందికి ఇబ్బంది పెట్టాయి. అయినా ఊరి పెద్దలు, భూమి, కరెంటు, డబ్బు ఎలా కలిసి పనిచేస్తాయో చూపించే విషయంలో లాగర్‌క్రాన్ట్స్ కన్నా ఈమె లార్సన్‌కు దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. మూడో పుస్తకం ఎక్కువ నచ్చినవాళ్లు కమిల్లా కథ మూడింటినీ దాటేసి నేరుగా ఏడోదానికి వెళ్లినా పెద్ద నష్టం లేదు. కమిల్లాకు ఏమైందో మాత్రం అలా వెళ్తే ముందే తెలిసిపోతుంది.